అక్షరం తడబడే ఉద్యోగికి పనిచోట సర్దుబాట్లు

శ్రోతలకు నమస్కారం.

కర్నూలులోని ఒక విత్తనాల గోదాములో నేను చాలా ఏళ్లు పర్యవేక్షకుడిగా పనిచేశాను. కంది, వేరుశనగ, శనగ విత్తనాల బస్తాలు లారీకి ఎక్కేముందు వాటి లాట్ నంబర్లను డిస్పాచ్ రిజిస్టరులో రాయాలి. ఆ పని చూసే కుర్రవాడొకడు 3471 అని ఉన్నచోట 3417 అని రాసేవాడు. పత్తికొండకు వెళ్లే సరుకు చీటీలో త వత్తు, నంద్యాల చీటీలో సున్న తరచూ తప్పిపోయేవి. ఒకరోజు హమాలీలందరి ముందూ, "ఏమప్పా, పదో తరగతి ఎట్ల పాసైనావు?" అని నేను అతణ్ని నిలదీశాను. ఆ మాట గుర్తుకొస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

సాయంత్రం అందరూ వెళ్లాక అతనే నా దగ్గరకు వచ్చాడు. "చదివేకి రాక కాదు సార్. తొందర చేస్తే అంకెలు ఒకదాని చోట ఒకటి వచ్చి కూర్చుంటాయి. రొంతసేపు ఇస్తే తప్పు లేకుండా రాస్తా" అన్నాడు. బడిలో మొద్దు అని పేరు పడిన ఆ కుర్రవాడు, ఏ మూల ఏ రకం విత్తనం ఎన్ని బస్తాలుందో రిజిస్టరు తెరవకుండానే చెప్పగలిగేవాడు.

ఈ ఇబ్బందిని వైద్యులు డిస్లెక్సియా అంటారు. 1887లో ఈ పేరు పెట్టిన రుడాల్ఫ్ బెర్లిన్ జర్మనీకి చెందిన కంటి వైద్యుడే అయినా, చిక్కు కళ్లలో లేదు, తెలివిలోనూ లేదు. మాటలోని ధ్వనులను విడదీసి అక్షరాలతో జతచేసే పనిని మెదడు వేరే తీరులో, ఎక్కువ శ్రమతో చేయడంలో ఉంది. ఇది కుటుంబాల్లో తరతరాలుగా కనిపించడం కూడా మామూలే. తెలుగులో అక్షరానికీ ధ్వనికీ పొత్తు గట్టిది కనుక చాలామంది నెమ్మదిగానైనా సరిగ్గానే చదువుతారు. రాసిన తీరు ఒకటి, పలికే తీరు మరొకటి అయిన ఇంగ్లీషులో బిల్లులు, ఈమెయిళ్లు వచ్చేసరికి అదే మనిషి ఉక్కిరిబిక్కిరి అవుతాడు. మన ఊళ్లలో తెలుగు మాధ్యమంలో చదివి, కంప్యూటరు ముందు ఇంగ్లీషు ఫారాలు నింపే ఉద్యోగంలో చేరినవారికి ఈ కష్టం రెట్టింపు.

1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాలలో డిస్లెక్సియాకు చోటు లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, నిర్దిష్ట అభ్యసన వైకల్యాల కింద, అంటే చదవడం, రాయడం, లెక్కలు చేయడం వంటివాటిలో వచ్చే ఇబ్బందుల కింద, డిస్లెక్సియాను చేర్చింది. సహేతుకమైన సర్దుబాటును, అంటే యజమానికి మోయలేని భారం కాకుండా ఆ ఉద్యోగికి అవసరమైన మార్పును, నిరాకరించడం కూడా వివక్షే అవుతుందని ఆ చట్టం స్పష్టంగా చెబుతోంది. ప్రభుత్వ కార్యాలయాలు దివ్యాంగ ఉద్యోగులకు సర్దుబాట్లు కల్పించి తీరాలి, ఫిర్యాదులు వినడానికి ఒక అధికారిని నియమించాలి. ఇరవై మందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలు సమాన అవకాశాల విధానంలో తాము ఇచ్చే సౌకర్యాలను వివరంగా ప్రకటించాలి.

ఇక్కడ చాలామంది ఒక విషయంలో పొరబడుతున్నారు. రిజర్వేషన్ కోరేవారికి కనీసం 40 శాతం వైకల్యం ఉందని ధ్రువపత్రం కావాలి. మన రాష్ట్రంలో దానికి సదరం శిబిరానికి వెళ్లాలి. అయితే సర్దుబాటు కోరడానికి ఆ 40 శాతం గీత అడ్డు కాదని 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చేతిరాతలో ఇబ్బంది ఉన్న ఆ అభ్యర్థి, సివిల్స్ పరీక్షలో తనకు బదులు రాసిపెట్టే సహాయకుడు కావాలని అడిగిన కేసది.

మా గోదాములో మేము చేసిన మార్పులు వినడానికి చిన్నవే. లాట్ నంబరును రెండేసి అంకెలుగా విడదీసి, 34 71 అని పెద్దక్షరాల్లో అచ్చువేయించాము. ఒక్కో ఊరికి ఒక్కో రంగు చీటీ పెట్టాము. నేను చెప్పవలసినవి కాగితం మీద రాసిచ్చే బదులు ఫోనులో వాయిస్ మెసేజ్‌గా పంపడం మొదలుపెట్టాను. అతను వాటిని రెండుసార్లు విని పనిలోకి దిగేవాడు. ఇంగ్లీషు ఉత్తరం వస్తే ఫోనే పైకి చదివి వినిపించేది. లారీ వచ్చాక హడావిడిగా రాయడం మాని, బస్తాలు వరుస పేర్చినప్పుడే రిజిస్టరు నింపే ఏర్పాటు చేశాము. నిజం చెప్పాలంటే, అన్నింటికంటే ఎక్కువ మేలు చేసింది ఈ చివరిదే, దానికి పైసా ఖర్చు కాలేదు.

మీరే అటువంటి ఉద్యోగి అయితే, "నాకు సాయం చేయండి" అని ఊరికే అడిగితే పై అధికారికి ఏం చేయాలో తోచదు. ఏ పనిలో ఎక్కడ తడబడుతున్నారో, ఏ మార్పు కావాలో రెండు మూడు వాక్యాలలో చెప్పండి: "సమావేశంలో ఇచ్చే కాగితాలు నాకు ముందురోజే ఇప్పించండి, చదువుకుని వస్తాను" అన్నట్టుగా. రాయడం కష్టమైతే నమ్మకమైనవారితో రాయించి, తేదీ వేసి, నకలు దగ్గర ఉంచుకోండి. మానసిక నిపుణుల పరీక్షాపత్రం ఉంటే జతచేయండి. యజమానులు కూడా ఆ ఉత్తరాన్ని పదిమంది చేతుల్లో తిప్పకూడదు. ఆ ఉద్యోగి తన ఇబ్బందిని ఎవరికి చెప్పుకోవాలన్నది అతని ఇష్టం.

మా కుర్రవాడు ఇప్పుడు అదే గోదాములో స్టాకు మొత్తం చూసుకుంటున్నాడు. లాట్ నంబరును ఇప్పటికీ రెండేసి అంకెలుగా పైకి చదువుకుంటూనే రాస్తాడు. "ముప్పై నాలుగు, డెబ్బై ఒకటి" అని అతను అనగానే, పక్కనున్న హమాలీ బస్తా మీద చూసి "సరే అన్నా" అంటాడు.