సపోటా తోటలో గబ్బిలాలు, జలపాతం దగ్గర కప్పలు

వ్యాఖ్యాత: ఉలవపాడు నుంచి ఫోన్. చెప్పండన్నా.

శ్రోత: నమస్తే మేడమ్. మాది సపోటా తోట. గట్టు మీద చింతచెట్టు నిండా గబ్బిలాలే. చెట్టు కొట్టేద్దామంటే మా పాప ఒప్పుకోదు. ఆ గబ్బిలాన్నీ, అంతరించిపోయే బోదురుకప్పనీ పోల్చి కాలేజీలో ప్రాజెక్టు రాయాలంట. ఊరంతా ఉండే గబ్బిలానికేం ముప్పు మేడమ్?

నిపుణురాలు: ముందు తోట సంగతి చూద్దాం. ఒకప్పుడు వన్యప్రాణి రక్షణ చట్టం పండ్లు తినే ఈ గబ్బిలాన్ని హానికర జంతువుల్లో వేసింది. 2022 సవరణతో రక్షణ ఉన్న జంతువుల జాబితా, అంటే రెండో షెడ్యూల్లోకి వచ్చింది, చంపితే నేరం. కాయలు తినకుండా వల వేసుకోవచ్చు. కన్ను 5 మిల్లీమీటర్లు దాటకూడదు, చిటికెనవేలు దూరిందంటే ఆ వల పనికిరాదు. చెట్టు మీద వదులుగా కప్పొద్దు, రెక్కలు చిక్కుకుని పొర చిరుగుతుంది. చుట్టూ గుంజలు పాతి పందిరిలా బిగించాలి. ముదురు చెట్లకైతే వల దండగే. కాయను గోటితో గీరండి. పచ్చగా కాకుండా పసుప్పచ్చ గీత పడితే కోతకొచ్చినట్టే. చెట్టున మాగనివ్వకుండా కోసి ఇంట్లో మాగేయండి. కొరికిన పండు ఎవరూ తినొద్దు, గబ్బిలాల నుంచి సోకే నిపా వైరస్ భయం ఉంది. వలలో పడితే ఉత్త చేత్తో తీయొద్దు, అటవీశాఖకు చెప్పండి. కరిస్తే సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి పోవాలి.

శ్రోత: మరి కప్ప?

నిపుణురాలు: టాంజానియాలో కిహాన్సీ జలపాతం తుంపర కప్పను తీసుకోమనండి. మన దొడ్లో బోదురుకప్ప వానకు వేలల్లో గుడ్లు పెడుతుంది. ఇది పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. పెద్దదైనా 3 సెంటీమీటర్లు ఉండదు. జలపాతం తుంపర పడే కొద్ది హెక్టార్లే దాని లోకం. 2000లో జలవిద్యుత్తు కోసం నది నీళ్లు మళ్లించారు, తుంపర పోయింది. స్ప్రింక్లర్లు పెట్టినా కైట్రిడ్ అనే బూజు తెగులు తగిలింది. 2009లో అడవిలో లేదని ప్రకటించారు. ముందే అమెరికా జూలకు తరలించినవి ఉండబట్టి 2012లో తిరిగి వదిలారు.

శ్రోత: గబ్బిలానికి ఆ గతి రాదుగా?

నిపుణురాలు: ఒక చెట్టు పోతే ఎగిరి ఇంకో చెట్టెక్కుతుంది, కప్పకు ఆ వీలు లేదు. పాప ప్రాజెక్టుకు ఇదే అసలు తేడా. కాకపోతే గబ్బిలం మామూలుగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. వేసవి ముందు తల్లి రొమ్ముకు కరుచుకుని పిల్ల ఉంటుంది. అప్పుడు టపాకాయలు కాలిస్తే రాలిపోతాయి. ఆ నెలల్లో కొమ్మ కూడా ముట్టొద్దు.

శ్రోత: ఎన్నుండాయో లెక్కెట్టా?

నిపుణురాలు: పొద్దుగూకే ముందే ఇద్దరు చెట్టుకు చెరో పక్క, కాస్త దూరంగా నిలబడాలి. ఆకాశం వెలుగున్న వైపు చూస్తూ బయటికెళ్లేవాటిని పదేసి చొప్పున లెక్కేయాలి. టార్చి వేయొద్దు. మూడు సాయంత్రాలు చేసి సగటు రాయమనండి.