కోనీ ఐలండ్‌లో ఒక శనివారం

శ్రోతలకు నమస్కారం.

మూకీ సినిమా అనగానే చాలామందికి గబగబా నడిచే మనుషులు, కిందా మీదా పడే హాస్యం గుర్తొస్తాయి. ఆ గబగబ నడకకు తప్పు సినిమాది కాదు. అప్పట్లో సెకనుకు ఇన్ని ఫ్రేములు, అంటే ఇన్ని విడి బొమ్మలు, అనే కచ్చితమైన లెక్క ఉండేది కాదు. 16 నుంచి 24 దాకా ఎంతైనా ఉండొచ్చు. తక్కువ వేగంతో తీసినదాన్ని తర్వాతి కాలపు యంత్రంలో 24కు తిప్పితే మనుషులు పరుగులు పెడతారు. సరైన వేగంతో, మంచి ప్రింటులో చూస్తే మూకీలు తమ చివరి రెండు మూడేళ్లలో ఎంత దూరం వెళ్లాయో తెలుస్తుంది. అలాంటి ఒక సినిమా గురించి ఈ పూట చెప్పుకుందాం. పేరు ‘లోన్‌సమ్’. 1928లో యూనివర్సల్ సంస్థ తీసింది. న్యూయార్క్ నగరంలో జరిగే ప్రేమకథ, నిడివి 69 నిమిషాలు. దర్శకుడు పాల్ ఫెయోష్ హంగరీ నుంచి వలస వచ్చినవాడు. చదివింది వైద్యం.

కథ చాలా చిన్నది. జిమ్ ఫ్యాక్టరీలో పంచింగ్ ప్రెస్సు అనే యంత్రం మీద పనిచేస్తాడు. మేరీ టెలిఫోన్ ఆపరేటర్. ఇద్దరూ అద్దె గదుల్లో ఒంటరిగా ఉంటారు. జూలై 4, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం సెలవుల ముందు శనివారం, ఒంటిపూట పని. స్నేహితులంతా జంటలు జంటలుగా షికారుకు పోతే వీళ్లిద్దరికీ తోడు లేదు. ఎవరి దారిన వాళ్లు సముద్రపు ఒడ్డున వినోదాల చోటైన కోనీ ఐలండ్‌కు బయల్దేరతారు. అక్కడ కలుస్తారు, ఆ రాత్రే తప్పిపోతారు. తప్పిపోయాక చూసుకుంటే ఒకరి గురించి ఒకరికి తెలిసింది పేరులో మొదటి ముక్క మాత్రమే. ఇంటిపేరు లేదు, చిరునామా లేదు.

జనాలే ఈ సినిమాకు ప్రాణం. ఈ కథలో పెళ్లిళ్ల పేరయ్యా వాళ్లే, విలనూ వాళ్లే. పొద్దున్న రైల్లో ఊపిరాడకుండా నొక్కేసిన గుంపే మధ్యాహ్నం ఇద్దర్నీ ఒకచోటికి తోస్తుంది, రాత్రి అదే గుంపు విడదీస్తుంది. ఎవరికీ ఎవరిమీదా కోపం లేదు, కుట్ర లేదు. పెద్ద ఊళ్లో ఒంటరితనం ఎలా ఉంటుందో ఇంత సూటిగా చూపిన ప్రేమకథ ఆ రోజుల్లో మరొకటి లేదని నా అభిప్రాయం. ‘సన్‌రైజ్’, ‘ది క్రౌడ్’ 1927, 1928లలో వచ్చిన గొప్ప సినిమాలే. కానీ వాటిలో నగరానికి ఎదురు నిలిచేది భార్యాభర్తలు. ఇక్కడున్నది ఇంకా పరిచయమే లేని ఇద్దరు.

పని వేళ సన్నివేశాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఒకవైపు జిమ్ చేతికింద ప్రెస్సు పడుతూ లేస్తూ ఉంటుంది. ఇంకోవైపు మేరీ ఫోన్లు కలిపే స్విచ్‌బోర్డులో తీగలు గుచ్చుతూ పీకుతూ ఉంటుంది. ఫోను చేసేవాళ్ల ముఖాలు ఆమె చుట్టూ తేలుతుంటాయి. ఒకరు విసుక్కుంటారు, ఒకరు కబుర్లాడతారు. ఈ మొత్తం మీద ఒక గడియారం ముఖం పరుచుకుని ఉంటుంది. అంకెలు, ముళ్లు, వాటి వెనక ఇద్దరి చేతులు. రెండు వేర్వేరు చోట్ల ఉన్న మనుషుల్ని ఒకే ముల్లు తోలుతున్నట్టు కనిపిస్తుంది. ప్రేక్షకుడికి వాళ్లు జంటగా తోచేది ఇక్కడే, కలవడానికి ఎంతో ముందే.

ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ వేయడం ఇప్పుడు ఫోనులో పిల్లలు చేసే పని. అప్పుడు దీన్ని ఎక్కువగా కెమెరాలోనే చేసేవారు. ఒకసారి తీసిన ఫిల్మును ఫ్రేములు లెక్కపెట్టి వెనక్కి తిప్పి, అదే ఫిల్ము మీద రెండోసారి, మూడోసారి తీయాలి. ప్రతిసారీ వెలుతురు తగ్గించుకోవాలి, లేకపోతే అన్నీ కలిసి తెల్లగా మాడిపోతాయి. పైన వేసే బొమ్మ వెనక నల్ల తెర ఉండాలి. నలుపు ఫిల్మును తాకదు కాబట్టి తెల్లటి అంకెలే పడతాయి. లెక్క తప్పితే ముఖం ఒకచోట, తీగ ఇంకోచోట. అప్పటిదాకా తీసిందంతా వృథా. ఛాయాగ్రాహకుడు గిల్బర్ట్ వారెంటన్ పనితనం చూడాలంటే ఈ నాలుగైదు నిమిషాలు చాలు.

కోనీ ఐలండ్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కు దక్షిణపు కొస. 1920 నాటికి సబ్‌వే రైలు అక్కడిదాకా వచ్చింది. టికెట్టు 5 సెంట్లు. దాంతో కూలీ, గుమాస్తా, ఆపరేటరు అందరికీ సముద్రం అందుబాటులోకి వచ్చింది. సినిమాలో ఇసుక కనబడదు, జనమే. చీకటిపడ్డాక దీపాల సన్నివేశాల్లో హఠాత్తుగా రంగులొస్తాయి. ఇది రంగుల కెమెరాతో తీసింది కాదు, నలుపు తెలుపు బొమ్మ మీద అద్దిన రంగు. సెకనుకు 24 చొప్పున నిమిషానికి 1440 ఫ్రేములకు రంగు అద్దాలి. అందుకే అక్కడక్కడా కొద్ది క్షణాలే వాడుకున్నారు, అదే మంచిదైంది.

విడిపోయే ఘట్టం రోలర్ కోస్టర్ మీద జరుగుతుంది. తోపులాటలో ఇద్దరూ వేర్వేరు బళ్లలో ఎక్కుతారు. మేరీ బండి చక్రానికి నిప్పంటుకుంటుంది, ఆమె స్పృహ తప్పుతుంది. జనం మూగుతారు. జిమ్ దూసుకుపోబోతే పోలీసు అడ్డుపడతాడు, గొడవై స్టేషనుకు లాక్కుపోతారు. వదిలిపెట్టేసరికి ఆమె కనబడదు. ఆపైన గాలివాన. నాయకుడిగా గ్లెన్ ట్రయన్, నాయికగా బార్బరా కెంట్ పెద్ద తారలేమీ కాదు, అది కలిసొచ్చింది. గుంపులో వాళ్లను వెతకాల్సి రావడం మనకు నిజంగా కష్టమవుతుంది.

ఇక సినిమాలో దెబ్బతిన్న భాగం. 1927 అక్టోబరులో మాటలున్న ‘ది జాజ్ సింగర్’ సినిమా వచ్చాక ప్రేక్షకులకు మాటలు కావాల్సి వచ్చాయి. దాంతో ‘లోన్‌సమ్’లో మూడు మాటల సన్నివేశాలు అతికించారు. సముద్రం ఒడ్డున ఒకటి, పోలీస్ స్టేషన్‌లో ఒకటి ఇట్టే గుర్తుపడతారు. అంతసేపూ జనంలో ఈదిన కెమెరా ఒక్కసారి కొయ్యబారిపోతుంది. కెమెరా చప్పుడు మైకులో పడకూడదని దాన్ని మూసిపెట్టేవారు. మైకు ఒకచోటే ఉండేది, నటులు దానికి దూరంగా కదిలితే మాట వినపడదు. అందుకే ఇద్దరూ నిలబడి పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడతారు. మాటలు లేనప్పుడు కళ్లతో చెప్పినదాన్నే మళ్లీ నోటితో చెబుతారు.

ఈ సినిమా మనదాకా రావడం కూడా అదృష్టమే. ప్యారిస్‌లోని సినిమథెక్ ఫ్రాన్సేజ్ అనే సినిమా భాండారంలో ఒక ప్రింటు నిలిచింది, అమెరికాలో రోచెస్టర్‌లోని జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియం దాన్ని బాగుచేసింది. 2010లో దీన్ని భద్రపరచాల్సిన సినిమాల జాబితా అయిన అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేర్చారు, 2012లో క్రైటీరియన్ సంస్థ డిస్కు తెచ్చింది. మన రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’కు మనదాకా మిగిలే ఆ భాగ్యం దక్కలేదు. ఫెయోష్ మాత్రం తర్వాత సినిమాలు వదిలేసి మానవశాస్త్రంలోకి వెళ్లాడు, పెరూలో ఇంకాల శిథిలాల మీద పనిచేశాడు. మనుషులు గుంపులో ఎలా మెలుగుతారో చూసే ఆ కన్ను ఈ సినిమాలోనే ఉంది.

చూడబోయేవాళ్లకు నాలుగు మాటలు. ఫిల్ము అంచున ధ్వని పట్టీకి చోటివ్వడం వల్ల బొమ్మ దాదాపు చతురస్రంగా ఉంటుంది. టీవీ నిండా రావాలని జూమ్ నొక్కకండి, తలలూ గడియారపు అంకెలూ తెగిపోతాయి. కదలికల్ని నున్నగా చేసే సెట్టింగు ఉంటే ఆపేయండి. మూకీయే కదా అని శబ్దం తగ్గించొద్దు, సంగీతమూ గుంపు చప్పుళ్లూ అప్పుడే జతచేసినవి. 69 నిమిషాలు లేని కాపీ అయితే ఏదో తెగిందని అనుమానించండి. ముగింపు నేను చెప్పను. మొదటి పది నిమిషాల్లో వాళ్లు నిద్రలేచే గదుల్ని మాత్రం జాగ్రత్తగా చూడండి. జిమ్ దగ్గరున్న గ్రామఫోనును కూడా గమనించండి. మాటల సన్నివేశాలు వచ్చినప్పుడు ముందుకు తోసేయకండి. వాటి పక్కన పెట్టి చూస్తేనే మిగతా సినిమా ఎంత స్వేచ్ఛగా కదిలిందో అర్థమవుతుంది.