నిలబెట్టిన కారుకే జబ్బులెక్కువ: చెన్నైలో స్పోర్ట్స్ కారు సంరక్షణపై చర్చ

చర్చలో పాల్గొన్నవారు: అంబత్తూరులో వర్క్‌షాప్ నడిపే మెకానిక్, తిరువాన్మియూరులో ఉండే ఓపెన్ టాప్ కారు యజమాని, ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో డ్రైవింగ్ నేర్పే శిక్షకుడు.

వ్యాఖ్యాత: నమస్కారం. మన ఊళ్లో స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లలో చాలామంది ఆదివారం పొద్దున్నే ఈసీఆర్, అంటే సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఎక్కి, మహాబలిపురం దాకా వెళ్లి, టిఫిన్ చేసి వచ్చేస్తారు. మిగతా వారమంతా బండి కవరు కిందే ఉంటుంది. అన్నా, మీ దగ్గరికి వచ్చే ఇలాంటి బండ్లలో ఎక్కువగా కనిపించే జబ్బు ఏంటి?

మెకానిక్: వాడకపోవడమే. అందరూ కిలోమీటర్లు చూసి సర్వీసు లెక్కేస్తారు. "ఏడాదిలో మూడు వేలు కూడా తిరగలేదన్నా, అప్పుడే ఆయిల్ ఎందుకు?" అంటారు. ఆయిల్‌కి కిలోమీటర్లతో పాటు నెలలు కూడా లెక్కే. బండి స్టార్ట్ చేసి వీధి చివరిదాకా వెళ్లి వచ్చేస్తే ఇంజిన్ సరిగా వేడెక్కదు. లోపల చేరిన చెమ్మ, కాలని పెట్రోలు బయటికి పోక ఆయిల్‌లోనే కలిసిపోతాయి. అందుకే నడిపినా నడపకపోయినా ఏడాదికోసారి మార్చాలి. కొందరు వారానికోసారి స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు నిలబెట్టి ఆపేస్తారు. దానివల్ల బ్యాటరీకీ లాభం లేదు, ఇంజిన్‌కీ లాభం లేదు. తీస్తే అరగంటైనా రోడ్డు మీద నడపాలి.

యజమాని: ఆఫీసు పని ఎక్కువైతే నాకు వారాల తరబడి కుదరదన్నా. అందుకే పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ పెట్టించుకుని, బ్యాటరీ దిగిపోకుండా కొద్దికొద్దిగా ఛార్జ్ చేస్తూ ఉండే బ్యాటరీ మెయింటెయినర్ తగిలించాను. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ని ఒప్పించడమే కష్టమైంది.

మెకానిక్: మంచి పని చేశారమ్మా. ఇప్పటి కార్లలో తాళం వేసినా అలారం, సెన్సర్లు కరెంటు లాగుతూనే ఉంటాయి. నిండుగా ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2కి వచ్చిందంటే సగం ఖాళీ అయినట్టే. వోల్టేజ్ తగ్గితే డ్యాష్‌బోర్డులో సంబంధం లేని వార్నింగులన్నీ వెలుగుతాయి. గేర్‌బాక్స్ పోయిందని కంగారుపడి వస్తారు, చూస్తే బ్యాటరీ.

వ్యాఖ్యాత: టైర్ల సంగతి చెప్పండి సార్.

శిక్షకుడు: ట్రాక్‌కి వచ్చే బండ్లలో నేను మొదట చూసేది టైరు పక్క గోడ మీద ఉండే నాలుగు అంకెలు. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. గాట్లు నిండుగా ఉన్నాయి కదా అని పాత టైర్ల మీదే తిరిగేవాళ్లు చాలామంది. రబ్బరు గట్టిపడ్డాక గాట్లు ఎంత లోతుగా ఉన్నా పట్టు తగ్గుతుంది, తడి రోడ్డు మీద మరీను. గాట్ల లోతుకి చట్టం పెట్టిన కనీస హద్దు 1.6 మిల్లీమీటర్లు. కానీ వేగంగా పోయే బండికి అంతదాకా ఆగకూడదని నా అభిప్రాయం. గాలి విషయంలో డ్రైవర్ డోర్ పక్కన అంటించిన స్టిక్కర్‌లో ఉన్నదే ప్రమాణం. అదీ టైరు చల్లగా ఉన్నప్పటి లెక్క. ఎండలో ఇరవై కిలోమీటర్లు నడిపి బంకులో కొట్టిస్తే ఆ అంకెకి అర్థం లేదు. చిన్న గేజ్ కొనుక్కుని పొద్దున్నే ఇంట్లో చూసుకోండి.

వ్యాఖ్యాత: ట్రాక్‌లో నేర్పేవారు కాబట్టి అడుగుతున్నా. ఎక్కువమంది పట్టించుకోనిది ఏంటి?

శిక్షకుడు: బ్రేక్ ఆయిల్. దీని గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి. బ్రేక్ ఆయిల్‌లో డాట్ 4 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అది గాలిలోని తేమ పీల్చుకునే రకం. నీరు 3.7 శాతానికి చేరితే ఆ కనీస హద్దు 155 డిగ్రీలకి పడిపోతుంది. మనది సముద్రం పక్కన ఉక్కపోసే ఊరు. బండి కదలకపోయినా ఆయిల్ తేమ పీలుస్తూనే ఉంటుంది. అలాంటి బండితో నామక్కల్ జిల్లాలోని కొల్లిమలై కొండలకి వెళ్లారనుకోండి. ఆ ఘాట్‌లో 70 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. దిగేటప్పుడు ప్రతి మలుపుకీ బ్రేకు తొక్కాలి. ప్యాడ్ల వేడికి ఆయిల్‌లోని నీళ్లు మరిగి ఆవిరవుతాయి. ఆయిల్ నొక్కుడుకి లొంగదు, ఆవిరి లొంగుతుంది. పెడల్ మెత్తగా నేలకి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు.

యజమాని: వింటుంటేనే టెన్షన్‌గా ఉంది. ఎన్నాళ్లకి మార్చాలి?

శిక్షకుడు: రెండేళ్లకోసారి. ట్రాక్‌కి వచ్చేవాళ్లయితే ఇంకా ముందే. డాట్ 5.1 కూడా పోయొచ్చు. డాట్ 5 అని విడిగా ఉండేది మాత్రం సిలికాన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు. డబ్బా మీద పేరు సరిగ్గా చదివి కొనండి.

వ్యాఖ్యాత: మేడమ్, మీరు సముద్రానికి దగ్గర్లోనే ఉంటారు. ఉప్పు గాలి ఇబ్బంది పెట్టలేదా?

యజమాని: నన్ను ఉప్పు గాలి కన్నా బోరు నీళ్లే ఎక్కువ ఇబ్బంది పెట్టాయండి. మా వాచ్‌మన్ మంచి మనసుతో రోజూ పొద్దున బండి కడిగేవాడు. ఎండకి నీళ్లు ఆరిపోయి బానెట్ నిండా తెల్లటి గుండ్రటి మచ్చలు మిగిలేవి. నల్ల రంగు కారు కావడంతో ఇంకా బాగా కనిపించేవి. పాలిష్ పట్టించినా కొన్ని పోలేదు. ఇప్పుడు నీడలోనే కడుగుతాం, చివర్లో మెట్రో వాటర్ పోసి మైక్రోఫైబర్ గుడ్డతో వెంటనే తుడుస్తాం. ఇంకో సంగతి, మా వీధిలో వేపచెట్లు ఎక్కువ. టాప్ మడిచే చోట రెండు పక్కలా నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. వేపాకులు, పూత రాలి ఆ రంధ్రాలు పూడుకుపోయాయి. ఓ వానాకాలం కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి చూస్తే నీళ్లు నిలిచి ఉన్నాయి. కంపు కొట్టేదాకా తెలియలేదు.

మెకానిక్: ఓపెన్ టాప్ ఉన్నవాళ్లు ఇది రాసి పెట్టుకోవాలి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలవకముందే ఆ రంధ్రాలు శుభ్రం చేయించండి. ఇనప తీగ పెట్టి గుచ్చకండి, లోపలి గొట్టం చిరిగిపోతుంది. మెత్తటి నైలాన్ తీగ చాలు. తర్వాత గ్లాసుడు నీళ్లు పోసి, కింద బయటికి వస్తున్నాయో లేదో చూడండి. కొన్ని కార్లలో కంట్రోల్ యూనిట్లు కార్పెట్ కిందే ఉంటాయి, తడిస్తే లక్షల్లో ఖర్చు. ఇక సముద్రం పక్క నుంచి వచ్చాక బండి అడుగు భాగం మంచినీళ్లతో కడిగించండి. కడిగిన వెంటనే బండి పెట్టేయకండి. నాలుగు వీధులు తిప్పి బ్రేకులు తొక్కితే డిస్కుల తడి ఆరిపోతుంది.

వ్యాఖ్యాత: కూలెంట్ తగ్గితే కూడా బోరు నీళ్లే పోస్తారు కదా?

మెకానిక్: పొయ్యకూడదు. రేడియేటర్‌లో గార కడుతుంది. డిస్టిల్డ్ వాటరూ, కంపెనీ చెప్పిన రకం కూలెంటూ, అంతే. రంగు ఒకటే కదా అని వేరే రకం కలపకండి.

వ్యాఖ్యాత: సరే, చిన్న చిన్న అప్‌గ్రేడ్ల దగ్గరికి వద్దాం. కార్ల సామాను అమ్మే జీపీ రోడ్డుకి వెళితే దొరకనిది లేదు. చేతిలో కొంత డబ్బుంది, మొదట దేనికి పెట్టాలి?

యజమాని: నాకైతే బండి ఇంకాస్త కిందికి ఉంటే బాగుంటుందని ఉంది. బండి ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు చూసి పెట్టుకున్నాను.

మెకానిక్: వద్దమ్మా. మన వీధుల్లో స్పీడ్ బ్రేకర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు వేసినవే. ఇప్పటికే ఏటవాలుగా ఎక్కించి దించుతున్నారు. ఇంకా దించితే ముందు బంపరు, ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంపు రెండూ పోతాయి.

శిక్షకుడు: నేను పూర్తిగా వద్దనను. చక్రాల అలైన్‌మెంట్ కొత్తగా సెట్ చేయించి, సరిపడే డ్యాంపర్లతో (షాక్ అబ్జార్బర్లతో) కలిపి చేస్తే మలుపుల్లో బండి బాగుంటుంది. స్ప్రింగులు ఒక్కటే మార్చి పాత డ్యాంపర్లు వదిలేస్తేనే పాడవుతుంది. కానీ నన్నడిగితే మొదటి డబ్బు టైర్లకి, రెండోది బ్రేక్ ప్యాడ్లకి. 60లో పోయే బండిని ఆపడానికి ఎంత శక్తిని వేడిగా మార్చాలో, 120లో దానికి నాలుగింతలు మార్చాలి. ఇంజిన్ పవర్ పెంచడానికి రీమ్యాప్ చేయించి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని సెట్టింగులు మార్పించి, బ్రేకులు పాతవే ఉంచుకోవడం నాకు అర్థం కాదు.

మెకానిక్: అక్కడ మీతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తా. కాకపోతే రేస్ ప్యాడ్లు వేయించొద్దు. అవి వేడెక్కితేనే పట్టుకుంటాయి, అన్నా సాలై సిగ్నల్ దగ్గర చల్లగా ఉన్నప్పుడు సరిగా పనిచేయవు. రోడ్డుకీ అప్పుడప్పుడు ట్రాక్‌కీ పనికొచ్చే రకాలున్నాయి, అవి తీసుకోండి. రాళ్ల దెబ్బ తగలకుండా ముందు బంపరుకి ఫిల్మ్ వేయించడం కూడా వృథా కాదు.

వ్యాఖ్యాత: చట్టం ఏమంటుంది? సైలెన్సర్లు మార్చి పెద్ద చప్పుడుతో తిరుగుతున్నవాళ్లు కనిపిస్తూనే ఉన్నారు.

శిక్షకుడు: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన మౌలిక వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. మార్పులు చేసి ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర గొడవ. పొద్దున ఐదింటికి కాలనీలో నిద్రపోయేవాళ్లని లేపే హక్కు కూడా మనకి లేదు.

వ్యాఖ్యాత: చివరిగా వానల గురించి. 2015 వరదలు, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను చూశాం. వేళచ్చేరిలో జనం కార్లు తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద పెట్టుకున్నారు.

మెకానిక్: వాళ్లు చేసింది సరైన పనే. చాలా స్పోర్ట్స్ కార్లలో ఇంజిన్ గాలి పీల్చే చోటు కిందికి ఉంటుంది. నీళ్లు సిలిండర్‌లోకి వెళితే నొక్కుడుకి లొంగవు, పిస్టన్‌ని పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. అందుకే నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేయొద్దు, ఒక్కసారి కూడా. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ ఉందో లేదో వానలకి ముందే చూసుకోండి. అది లేకపోతే ఇలా లోపలికి నీళ్లు పోయి పాడైన ఇంజిన్‌కి మామూలుగా డబ్బులు రావు.

యజమాని: లాగించుకుని పోవాలంటే?

మెకానిక్: తాడు కట్టి లాగించకండి, పూర్తిగా పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీనే పిలవండి. బండిని లారీ మీదికి లాగి ఎక్కించడానికి చాలా కార్లలో టూల్ కిట్‌లో ఓ కొక్కెం ఉంటుంది, బంపరు మీది చిన్న మూత తీసి దాన్ని లోపల బిగించాలి. అది మీ బండిలో ఉందా, ఎటు తిప్పితే బిగుస్తుంది అన్నది ఈ ఆదివారమే ఒకసారి చూసుకోండి.