ఐదు దెబ్బల నడక

అందరికీ నమస్కారం. ఈ ముసురులో ఇంతమంది వస్తారనుకోలేదు. మా రేడియో వినే అక్కలు, కాకలు ముందు వరుసల్లోనే కూర్చున్నారు. మీ గొంతులు ఫోన్లో ఎప్పటినుంచో తెలుసు, చాలామంది ముఖాలు మాత్రం ఇవాళే చూస్తున్నాను.

మొన్న ఏప్రిల్ చివరి వారంలో మా కమ్యూనిటీ రేడియోలో ఏడు రాత్రులు, తొమ్మిది నుంచి పది దాకా, అమెరికా నల్లవాళ్ల దగ్గర పుట్టిన జాజ్ సంగీతం వినిపించాం. ఏప్రిల్ 30ని అంతర్జాతీయ జాజ్ దినంగా యునెస్కో 2011లో ప్రకటించింది. ఆ రోజుతో ముగిసేటట్టు వారం పెట్టుకున్నాం. ఆ ఏడు రాత్రుల్లో నేను విన్నది, నాకు జనం వినిపించింది చెప్పడానికి వచ్చాను.

మాది చిన్న స్టేషన్. ప్రభుత్వం మాలాంటి వాళ్లకు మామూలుగా ఇచ్చే ప్రసార శక్తి 100 వాట్లు. వెనకట మన ఇళ్లల్లో వెలిగిన గుండ్రటి బల్బు ఒక్కటి, అంతే. దాంతోనే హనుమకొండ, కాజీపేట, వరంగల్ కోట చుట్టుపక్కల ఇళ్లకు గొంతు చేరుతుంది.

ముందు కమిటీలో కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన సూటిగా అడిగారు: "ఒగ్గు కథకే టైం సాల్తలేదు. చిందోళ్లు రికార్డింగుకు ఎదురుచూస్తున్నరు. గీ అమెరికా పాటలెందుకు బిడ్డా?" న్యాయమైన ప్రశ్న. కమ్యూనిటీ రేడియోలో కనీసం సగం కార్యక్రమాలు స్థానికంగా తయారైనవే ఉండాలన్నది నిబంధన. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008లో సంఘం రేడియో మొదలుపెట్టిన దళిత మహిళలు తమ మాట, తమ విత్తనాలు, తమ పాట గాలిలోకి పంపి మనందరికీ దారి వేశారు. ఆ దారిలో నడిచే మేము ఒగ్గు కథ గంటలోంచి నిమిషమైనా తియ్యడానికి లేదు, తియ్యలేదు కూడా. అప్పటిదాకా సినిమా పాటలు వేస్తున్న రాత్రి గంటనే తీసుకున్నాం. కానీ పెద్దాయన ప్రశ్నకు అసలు జవాబు నా దగ్గర అప్పుడు లేదు. వారం గడిచే కొద్దీ దొరికింది.

మొదటి రాత్రి నేను తప్పు చేశాను. పాట వెయ్యకముందే పదకొండు నిమిషాలు మాట్లాడాను. జాజ్ పుట్టిన అమెరికా ఊరు న్యూ ఆర్లియన్స్ ఎక్కడుంది, బానిసత్వం నుంచి బయటపడ్డ మనుషులు ఆ ఊళ్లో ఏం పాడుకున్నారు, 1917లో వచ్చిన మొదటి జాజ్ రికార్డును తెల్లవాళ్ల బృందం ఎట్లా చేసింది, అన్నీ చెప్పుకుంటూ పోయాను. కాజీపేట రైల్వే కాలనీ నుంచి ఒకామె ఫోన్ చేసింది. "తమ్మీ, అంతా మంచిగనే ఉన్నది. పాట ఎప్పుడొస్తది?" ఆ రాత్రి ఇంటికెళ్లి నిద్రపోలేదు. విల్లిస్ కోనోవర్ గుర్తొచ్చాడు. 1955 నుంచి అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికాలో, షార్ట్‌వేవ్ మీద ప్రపంచమంతటికీ జాజ్ వినిపించిన మనిషి. ఇంగ్లిష్ అంతంతమాత్రం వచ్చినవాళ్లకు కూడా తెలియాలని నిదానంగా, తేలిక మాటలతో చెప్పేవాడు. రెండో రోజు నుంచి ఒక్కో పాటకు మూడే మాటలు అనుకున్నాను: ఎవరు, ఎప్పుడు, దేన్ని వినాలి.

రెండో రాత్రి వేసింది 'సెయింట్ లూయిస్ బ్లూస్'. బాణీ కట్టింది డబ్ల్యూ.సి. హ్యాండీ. 1925 జనవరిలో బెస్సీ స్మిత్ పాడిన రికార్డు అది. కార్నెట్, అంటే పొట్టి బాకా, ఊదింది లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్, అప్పటికి ఇరవైమూడేళ్ల పిల్లగాడు. మూడో మనిషి ఫ్రెడ్ లాంగ్‌షా. ఆయన వాయించింది హార్మోనియం. డ్రమ్ము లేదు, ఇంకో వాద్యం లేదు. బెస్సీ ఒక పాదం పాడి ఊపిరి పీల్చుకునే సందులో కార్నెట్ అందుకుంటుంది. ఆమె మళ్లీ మొదలుపెట్టేసరికి తప్పుకుంటుంది. ఒగ్గు కథలో కథకుడు మాట విసిరితే పక్కవాడు కింద పడనివ్వకుండా పట్టుకుంటాడు చూడండి, అదే పని. మరీ మీద పడకూడదు, మరీ వెనకబడకూడదు. బ్లూస్ పాట కట్టుబడి కూడా మనకు కొత్త కాదు: ఒక పాదం, మళ్లీ అదే పాదం, మూడోది దానికి జవాబు. నాట్లేసేటప్పుడు పాడుకునే అక్కలకు దీన్ని నేను నేర్పేది ఏముంది?

మర్నాడు కోట దిక్కు నుంచి భజన చేసే అక్కలు ఫోన్ చేశారు. "ఆ హార్మోనియం ఎవలు వాయించిండ్రు? మల్లొకపారి ఎయ్యిండ్రి." ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి ఒక్కరూ అడగలేదు. ప్రపంచమంతా ఆ కార్నెట్ కోసం వినే రికార్డును వాళ్లు హార్మోనియం కోసం విన్నారు. వాళ్లు చెప్పాక నేనూ దాని కోసమే విన్నాను. పాట మొత్తాన్ని అది కింద నుంచి పట్టుకుని నిలబెడుతుంది. ఇన్నేళ్లుగా వింటున్నా నా చెవికి పడలేదు.

ఇక్కడ హక్కుల మాట కొంచెం చెప్పాలి. కొత్తగా రేడియో పెట్టుకునే వాళ్లు ఈ గదిలో ఉన్నారని తెలుసు. మన చట్టంలో రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. బాణీ మీద హక్కు కట్టినవాళ్లు చనిపోయాక 60 ఏళ్లు. హ్యాండీ 1958లో పోయారు కాబట్టి ఈ రికార్డుకు రెండు హక్కులూ తీరిపోయాయి. 1959 నాటి రికార్డు అయితే రికార్డింగు హక్కు తీరినా బాణీ హక్కు మిగిలి ఉండొచ్చు. వాటికి ఫీజు కట్టాం. పాత పాటే కదా అని వేసేయకండి.

మూడో రాత్రి న్యూ ఆర్లియన్స్ సావు ఊరేగింపు. అక్కడ బ్యాండువాళ్లు శ్మశానం దాకా భక్తి పాటను చాలా నిదానంగా వాయించుకుంటూ పోతారు. డ్రమ్ము అడుగున ఉండే తీగెల కింద చేతిరుమాలు దోపుతారు, చప్పుడు మూగగా రావడానికి. పూడ్చిపెట్టి తిరిగొచ్చేటప్పుడు ఆ రుమాలు లాగేస్తారు. డ్రమ్ము ఒక్కసారి తెరుచుకుంటుంది, పాట దౌడు తీస్తుంది, వెనక నడిచే జనం ఆడతారు. ఇది చెప్పి రికార్డు వేశాను. సావు ముందర డప్పు కొట్టి, ఆడుతూ సాగనంపే మన ఊళ్లలో దీనికి వివరణ అక్కర్లేకపోయింది.

ఆ కార్యక్రమం విని మర్నాడు పొద్దున మా వాకిట్లోకి ఒక బ్యాండు మాస్టర్ వచ్చాడు. క్లారినెట్ వాయిస్తాడు. నలభై ఏళ్లుగా ఈ ఊరి బారాత్‌లలో నడిచినవాడు. డీజేలు వచ్చాక సీజన్లో కూడా ఖాళీ రోజులే ఎక్కువ. మామా అని పిలుస్తాను. ఆ రాత్రికి అనుకున్నది 'టేక్ ఫైవ్'. 1959లో డేవ్ బ్రూబెక్ బృందం రికార్డు చేసింది, కట్టింది వాళ్ల శాక్సాఫోన్ కళాకారుడు పాల్ డెస్మండ్. 1977లో పోతూ ఆయన తన బాణీల మీద వచ్చే ఆదాయాన్ని అమెరికన్ రెడ్‌క్రాస్‌కు రాసిపోయాడు. మామకు ఇదేమీ చెప్పలేదు. హెడ్‌ఫోన్ పెట్టి ఊరుకున్నాను.

కళ్లు మూసుకుని విన్నాడు. బల్ల మీద వేళ్లతో మూడు దెబ్బలు, రెండు దెబ్బలు. మళ్లీ మూడు, రెండు. తరువాత లేచి నిలబడి, మా ఇరుకు స్టూడియోలో అటు గోడ నుంచి ఇటు గోడకు నడవడం మొదలుపెట్టాడు. ఎడమ కాలుతో మొదలుపెడితే ఐదో దెబ్బ కూడా ఎడమ కాలి కిందే పడింది. మళ్లీ ఒకటి అనేసరికి కుడి కాలు వచ్చింది. ఆ తరువాత ఎడమ. ఆవృతం ఆవృతానికి మొదటి దెబ్బ కాలు మార్చుకుంటోంది. నాలుగుసార్లు తిరిగి ఆగాడు. "గిది బారాత్‌ల నడ్వది బిడ్డా. అందరి కాళ్లు ఒక్క తీరుగ పడవు. గానీ ఒక్కడు నడువొచ్చు." కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు ఈ ఐదు లెక్కను ఖండం అంటారు. మామ దాన్ని కాళ్లతో చెప్పాడు. ఆ రాత్రి ఆయన మాటలే వినిపించి పాట వేశాను. ఊరేగింపు నుంచి పుట్టిన సంగీతం ఊరేగింపును వదిలిపెట్టి కూర్చుని వినే సంగీతం ఎట్లా అయిందో అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఐదో రాత్రి ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ పాటలు వేస్తుంటే సగంలో కరెంటు పోయింది. అదంతే.

ఆరో రాత్రి మళ్లీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆయన నవ్వు ముఖమే అందరికీ తెలుసు. 1957 సెప్టెంబరులో, అమెరికాలోని లిటిల్ రాక్ ఊళ్లో నల్ల పిల్లల్ని బడిలోకి రానివ్వనప్పుడు, ప్రభుత్వం తరఫున సోవియట్ యూనియన్ వెళ్లనని చెప్పేశాడు. వాద్యం కావాలి, వాయించే మనిషి గడపలోకి రాకూడదు అన్న పద్ధతి మనకు తెలియనిది కాదు. మన డప్పు లేకుండా దేవుడు ఊరేగడు, పీనుగ లేవదు. ఆ డప్పు కొట్టిన చేతులకు ఇన్ని తరాలు ఎక్కడ నిలబెట్టి నీళ్లు పోశామో ఈ గదిలో పెద్దవాళ్లకు గుర్తుంది. ఈ మాట రేడియోలో అన్నందుకు ఇద్దరు కోప్పడ్డారు. మళ్లీ అంటాను.

అదే రాత్రి జాజ్ బ్యాండు నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ కూడా. ఆయన బృందం 1963లో మన దేశం వచ్చింది. ఢిల్లీలో ఆయన సహచరుడు బిల్లీ స్ట్రేహార్న్ చెవిన ఒక గోరింక కూత పడింది. 1966లో రికార్డు చేసిన బాణీలో ఆ కూత క్లారినెట్ మీద పలుకుతుంది. నా కిటికీ మీద వాలే పిట్ట న్యూయార్క్ దాకా పోయి వచ్చింది.

ఆఖరి రాత్రి మామ తన క్లారినెట్‌తో, ఒక డప్పు తమ్ముడితో వచ్చాడు. డప్పు కాపాలి, స్టూడియోలో మంట పెట్టలేం. వెనక గోడ దగ్గర గడ్డి అంటించి, మైకు తీగ కిటికీలోంచి బయటికి లాగాం. తోలు బిగుస్తుంటే తమ్ముడు సిర్రతో తట్టి చూసుకునే చప్పుడు కూడా ప్రసారంలో పోయింది. సావు దరువు నిదానంగా ఎత్తుకున్నారు. క్లారినెట్ పాదం పలికి ఆగిన చోటల్లా డప్పు జవాబు చెప్పింది. ఎవరూ నేర్పలేదు. లోపల కూర్చుని వింటున్న కమిటీ పెద్దాయన ఏమీ అనలేదు, కుర్చీ తీసుకుని కిటికీ దగ్గరికి జరిగారు.

అయిపోయాక మామ అడిగింది ఒక్కటే: "ఆ పెట్టె పాట మల్లొక్కపారి ఎయ్యి బిడ్డా." పెట్టె అంటే హార్మోనియం, ఆయన అడిగింది బెస్సీ స్మిత్ పాట. అది తెచ్చాను. మూడు నిమిషాల పైచిలుకు ఉంటుంది. ఫ్యాన్లు కాసేపు ఆపమంటాను. వందేళ్ల నాటి పళ్లెం, ముందు గీరుడు వినబడుతుంది. కార్నెట్ తన సంగతి తాను చూసుకుంటుంది, మీరు హార్మోనియం పట్టుకోండి.