50 ఏళ్ల ముంగిట పైప్‌లైన్ గెలిచిన కెల్లీ స్లేటర్

[తెర మీద: హవాయి, ఓవాహూ ఉత్తర తీరం]

అదిగో, చూస్తున్నారు కదా, ఆ అల పేరు పైప్‌లైన్. నడిసముద్రం నుంచి వచ్చే నీళ్లు లోతు తక్కువ ఉన్న లావా రాతి దగ్గరికి రాగానే ఒక్కసారిగా గోడలా లేస్తాయి, పై అంచు ముందుకు పడి గొట్టంలా చుట్టుకుంటుంది. సర్ఫర్, అంటే పలక మీద నిలబడి అలలపై జారేవాడు, ఆ గొట్టంలోకి దూరి, అది మూసుకుపోయేలోపు బయటపడాలి. తప్పితే కింద ఉన్నది రాయి. ఇక్కడ ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు.

2022 ఫిబ్రవరి 5న ఇక్కడ జరిగిన సర్ఫింగ్ పోటీలో అమెరికా సర్ఫర్ కెల్లీ స్లేటర్ గెలిచాడు. ఇంకో ఆరు రోజుల్లో అతనికి 50 నిండుతాయి. ఫైనల్లో ఓడిన సెత్ మోనిజ్‌కి 24. కెల్లీ ఇక్కడ మొదటిసారి గెలిచిన 1992 నాటికి సెత్ పుట్టనే లేదు!

ఇదెలా కుదిరిందో తెలియాలంటే మార్కులు ఎలా వేస్తారో చూడాలి. ఒక్కో అలకి ఐదుగురు జడ్జీలు పదికి మార్కులు వేస్తారు, అందులో ఎక్కువదీ తక్కువదీ తీసేసి మిగతా మూడింటి సగటు తీసుకుంటారు. సుమారు అరగంట సాగే ఒక్కో రౌండ్‌లో ఎన్ని అలలు ఎక్కినా చివరికి లెక్కలోకి వచ్చేవి రెండే. పైగా ప్రయారిటీ అని ఒకటుంది: అది మీ చేతిలో ఉంటే ముందు హక్కు మీదే, కానీ పనికిరాని అల ఎక్కారో, ఆ హక్కు అవతలివాడికి పోతుంది. అందుకే వచ్చిన ప్రతి అలా ఎక్కేయకుండా, ఏది వదిలేయాలో తెలిసినవాడే గెలుస్తాడు. నా దృష్టిలో కెల్లీ అసలు బలం అదే. 2005లో తహీతీలోని తేహుపో ఫైనల్లో రెండు అలలకీ పదికి పది తెచ్చుకున్నాడు, అంటే 20కి 20.

[తెర మీద: కోకో బీచ్, ఫ్లోరిడా]

కెల్లీ పుట్టి పెరిగిందేమో చిన్న అలల ఊళ్లో. 20 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్, 39 ఏళ్లకి పదకొండో టైటిల్. మధ్యలో 1998 తర్వాత టూర్, అంటే ప్రపంచ టైటిల్ తేల్చే ఏడాది పొడవు పోటీలు, వదిలేశాడు. 2002లో తిరిగొచ్చేసరికి హవాయి సర్ఫర్ ఆండీ ఐరన్స్ ఉన్నాడు, వరసగా మూడేళ్లు టైటిల్ అతనిదే. 2003లో అయితే అది ఇదే పైప్‌లైన్‌లో తేలింది, కెల్లీ చేతుల్లోంచి జారిపోయింది. ఇద్దరికీ అస్సలు పడేది కాదు, తర్వాత తర్వాత స్నేహితులయ్యారు. 2010 నవంబర్ 2న ఆండీ చనిపోయాడు, వయసు 32. నాలుగు రోజులకి ప్యూర్టో రికోలో కెల్లీ పదో టైటిల్ గెలిచి, దాన్ని ఆండీకి అంకితమిచ్చాడు. ఆ విజయం గురించి చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

[తెర మీద: మళ్లీ పైప్‌లైన్, 2022]

ఆ ఫైనల్లో కెల్లీకి వచ్చింది 20కి 18.77. ఒడ్డుకొచ్చి మైకు ముందు నిలబడ్డాడు, పదకొండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషి, మాట పెగల్లేదు, కళ్లనిండా నీళ్లు.