షెడ్డుల్లోంచి వచ్చిన బళ్లు

సభకు నమస్కారం. ఆటోనగర్ యజమానులు, పాలిటెక్నిక్ అధ్యాపకులు, పిల్లలు, తల్లిదండ్రులు అందరూ ఒకే హాల్లో ఉన్నారు. నేను చెప్పదలుచుకున్నది మీ అందరికీ కలిపి చెప్పాల్సిన మాటే.

ఉత్తర ఇటలీలో ఎమిలియా-రొమాన్యా అనే ప్రాంతం ఉంది. అక్కడ బొలోన్యా నుంచి మోదెనాకు సుమారు 40 కిలోమీటర్లు. మోటార్‌సైకిళ్లు చేసే డుకాటీ, కార్లు చేసే లంబోర్గిని, ఫెరారీ, మసెరాటి, పగానీ అన్నీ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. చూస్తే పక్కా వ్యవసాయ ప్రాంతం. ద్రాక్షతోటలు, పాడి, చీజ్. మరి ఇంత ఖరీదైన బళ్లు అక్కడే ఎందుకు పుట్టాయి? మా కుటుంబం వెళ్లినప్పుడు నాకున్న ప్రశ్న అదే. మా ఆవిడ, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి, మా నాన్నగారు, నేను. నాన్నగారు జీవితమంతా విజయవాడ ఆటోనగర్‌లో లేత్ ముందు, అంటే ఇనుమును తిప్పి చెక్కే యంత్రం ముందు నిలబడ్డ మనిషి. నేను బళ్ల ధరలు చూస్తుంటే ఆయన బేరింగులు చూశారు.

ముందు డుకాటీ. బొలోన్యా ఊరి చివర బోర్గో పనిగాలెలో ఉంది. 1926లో ముగ్గురు అన్నదమ్ములు తండ్రితో కలిసి పెట్టిన కంపెనీ ఇది. అప్పట్లో తయారుచేసింది మోటార్‌సైకిళ్లు కాదు, రేడియోలకు కావాల్సిన కండెన్సర్లు, అంటే కరెంటును కాసేపు నిల్వ ఉంచే చిన్న భాగాలు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 అక్టోబర్ 12న బాంబులు పడి ఫ్యాక్టరీ నేలమట్టమైంది. యుద్ధం అయిపోయాక జనం చేతిలో డబ్బు లేదు, ఉన్నదల్లా సైకిలు. ఆ సైకిలుకే తగిలించుకునే 48 సీసీల చిన్న ఇంజిన్‌ను 1946లో తయారుచేయడం మొదలుపెట్టారు. పేరు కుచ్చొలో. మ్యూజియంలో దాన్ని చూస్తే మన కొబ్బరికాయంత ఉంటుంది. ఇవాళ్టి రేసు బళ్ల వంశానికి మూలపురుషుడు అదే.

అక్కడ మా నాన్నగారు కదలకుండా నిలబడిపోయిన చోటు ఒకటుంది. కోసి లోపలి భాగాలు కనిపించేలా పెట్టిన ఇంజిన్ అది. మామూలు ఇంజిన్లో గాలి, పొగ వచ్చిపోయే దారికి తలుపులాంటి వాల్వును క్యామ్ అనే తిరిగే ముక్క తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. వేగం బాగా పెరిగితే స్ప్రింగు ఆ వేగాన్ని అందుకోలేదు. వాల్వు సరిగ్గా మూసుకోదు. ఫాబియో తల్యోని అనే ఇంజినీరు 1954లో డుకాటీలో చేరి, 1956కల్లా రేసు బండిలో ఇంకో పద్ధతి పెట్టారు. వాల్వును తెరవడానికి ఒక రాకర్, అంటే చిన్న మీట, ఉన్నట్టే మూయడానికీ ఒక రాకర్. దీన్నే డెస్మో అంటారు. నాన్నగారు ఆ రెండో రాకర్‌ను వేలితో చూపిస్తూ మా అమ్మాయితో, "స్ప్రింగు అలిసిపోతుందమ్మా, ఇది అలిసిపోదు. కానీ దీన్ని సెట్ చేసేవాడికి చెయ్యి కుదరాలి" అన్నారు. ఫిజిక్స్ పుస్తకంలో మా అమ్మాయికి ఎప్పుడూ ఇంత సూటిగా అర్థం కాలేదట. ఆ ఫ్యాక్టరీ లోపలే బడిపిల్లల కోసం ఒక ఫిజిక్స్ ప్రయోగశాల కూడా నడుపుతున్నారని తెలిసి మా ఆవిడ, తను టీచరు కాబట్టి, ఆ వివరాలన్నీ రాసుకుంది.

లంబోర్గిని గురించి మీకు చాలామంది చాలా చెప్పి ఉంటారు. నేను కారు సంగతి పక్కన పెట్టి ట్రాక్టరు సంగతి చెబుతాను. ఫెరుచ్చో లంబోర్గిని రైతుబిడ్డ. యుద్ధంలో రోడ్స్ దీవిలో సైన్యం వాహనాలకు మరమ్మతులు చేశాడు. తిరిగొచ్చాక సైన్యం వదిలేసిన ఇంజిన్లు, సామాన్లు కొని ట్రాక్టర్లు కట్టాడు. పెట్రోలు ఖరీదు ఎక్కువ. అందుకని పెట్రోలుతో స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కాక చవక ఇంధనానికి మార్చే ఏర్పాటు చేశాడు. బొలోన్యా దగ్గర ఫునోలో ఆయన పేరుతో ఉన్న మ్యూజియంలో పాత ట్రాక్టర్లు ఉన్నాయి. ఈ సంగతి వినగానే నాన్నగారు, "మన పొలాల్లో కిరసనాయిలు ఇంజిన్ కూడా అంతే కదా, పెట్రోలు పోసి స్టార్ట్ చేసి కిరసనాయిలుకు తిప్పేవాళ్లం" అన్నారు. 1963లో బొలోన్యా దగ్గరి సంత్ ఆగతలో కార్ల కంపెనీ పెట్టే నాటికే ఫెరుచ్చో ట్రాక్టర్లతో బాగా సంపాదించిన మనిషి. ఆయన కంపెనీకి పేరు తెచ్చిన మియురా కారు వచ్చింది 1966లో.

పగానీ గురించి ఒక్క మాట. అర్జెంటీనా నుంచి ఈ ప్రాంతానికి పని వెతుక్కుంటూ వచ్చి, లంబోర్గినిలో కార్బన్ ఫైబర్ అనే తేలికైన, గట్టి పదార్థంతో పని చేసి, ఆ తర్వాత సొంత కంపెనీ పెట్టుకున్న మనిషి ఒరాసియో పగానీ. చేతి పని తెలిసినవాణ్ని ఆ నేల తనవాడిగా చేసుకుంటుంది.

ఫెరారీ ఫ్యాక్టరీ లోపలికి మామూలు సందర్శకులను రానివ్వరు. ఆ కంపెనీ ఊరు, మోదెనా దగ్గరి మరనెల్లోలో మ్యూజియం చూడొచ్చు, బస్సులో కూర్చుని ఆ ప్రాంగణం చుట్టి రావొచ్చు. పిల్లలు కొంచెం నిరాశపడతారు, ముందే చెప్పి తీసుకెళ్లండి. నాకు మాత్రం మరనెల్లోలో అన్నిటికంటే ముఖ్యమైనది ఒక బడి అనిపించింది. కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ కొడుకు ఆల్ఫ్రెడో 1956లో 24 ఏళ్లకే చనిపోయాడు. ఆ ఊరి సాంకేతిక పాఠశాలకు ఆ అబ్బాయి పేరే ఉంది. దాన్ని నిలబెట్టినవాడు ఎంజోనే. కొడుకు పోయిన తండ్రి ఊరి పిల్లలకు మెకానిక్ చదువు ఇచ్చాడు.

నా ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. షెడ్డు, బడి ఆ ప్రాంతంలో ఎప్పుడూ దూరం కాలేదు. 2014లో డుకాటీ, లంబోర్గిని కలిసి బొలోన్యా సాంకేతిక పాఠశాలలతో ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. మొదట చదువు మధ్యలో ఆపేసిన కుర్రాళ్లు కొన్నాళ్లు తరగతిలో, కొన్నాళ్లు ఫ్యాక్టరీలో నేర్చుకున్నారు. 2017లో అక్కడి నాలుగు యూనివర్సిటీలు, ఈ కంపెనీలు చేయి కలిపి మోటారు వాహనాల ఇంజినీరింగ్‌లో ఎమ్మెస్ కోర్సులు పెట్టాయి. ఇంగ్లిషులో చెబుతారు. మన పిల్లలూ దరఖాస్తు చేసుకోవచ్చు.

ఆటోనగర్ యజమానులకు నా విన్నపం ఒకటే. మన దగ్గర అరిగిన ఇంజిన్ భాగాలను సరిచేసే క్రాంక్ గ్రైండింగ్, బోరింగ్ పనులు చేతులతో చేసి చూపించగల మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ల తర్వాత ఆ పని నేర్చుకునేవాళ్లు తగ్గిపోతున్నారు. నెలకు ఒక శనివారం ఏదో ఒక షెడ్డు తలుపులు పాలిటెక్నిక్ పిల్లలకు తీయండి. మొదటి శనివారం మా షెడ్డులోనే పెడదాం, లేత్ దగ్గర నాన్నగారు ఉంటారు. పేర్లు ఇవ్వదలుచుకున్న అధ్యాపకులు సభ అయ్యాక నన్ను కలవండి.