తేలు కుట్టింది, అందుకే నాగా

శ్రోతలందరికీ నమస్కారం.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకి వెళ్ళినవాళ్ళు అక్కడి ఈజిప్టు మమ్మీని చూడకుండా తిరిగి రారు. నిజాం కాలంలో మన దగ్గరికి చేరిన మమ్మీ అది. పిల్లలు అద్దాల పెట్టెకు ముక్కు ఆనించి, "లోపల ఉన్నది నిజంగా మనిషేనా?" అని పెద్దవాళ్ళను అడుగుతుంటారు. ప్రాచీన ఈజిప్టు అనగానే మనకు తట్టేవి కూడా ఇలాంటివే. మమ్మీలు, పిరమిడ్లు, టుటన్‌ఖామన్ బంగారు ముసుగు. అన్నీ చావుకు సంబంధించినవి, అందులోనూ రాజుల చావుకు. ఈ పూట నేను రాజుల గురించి కాకుండా, వాళ్ళ సమాధులను కొండలో తొలిచిన పనివాళ్ళ గురించి మాట్లాడతాను. వాళ్ళ పేర్లు మనకు తెలుసు. ఎవరు ఏ రోజు పనిలోకి రాలేదో, ఎందుకు రాలేదో కూడా తెలుసు.

నైలు నదికి పడమటి వైపున, ఇప్పటి లక్సర్ పట్టణానికి ఎదురుగా, కొండల నడుమ ఒక పల్లె ఉండేది. ఇప్పుడు దాన్ని దేర్ ఎల్ మదీనా అంటున్నారు. క్రీస్తుపూర్వం 1500 ప్రాంతం నుంచి నాలుగు వందల ఏళ్ళకు పైగా ఆ పల్లెలో మనుషులు కాపురం ఉన్నారు. ప్రహరీ గోడ లోపల 70 దాకా ఇళ్ళు, ఒకదాన్నొకటి ఆనుకుని బారుగా కట్టినవి. ఇంటికి ముందు గది, దాని వెనక పెద్ద గది, ఆ వెనక వంట చోటు, మిద్దె మీదికి మెట్లు. రాజుల లోయలోని సమాధులన్నీ ఈ ఇళ్ళలోని మగవాళ్ళు, తండ్రి తర్వాత కొడుకు, ఆ తర్వాత మనవడు పనిచేసి తయారుచేసినవే.

కొత్త రాజు గద్దెనెక్కగానే అతని సమాధికి చోటు వెతికి పని మొదలుపెట్టేవారు. రాజు ఎన్నాళ్ళు బతుకుతాడో ఎవరికి తెలుసు? అందుకే పని ఎప్పుడూ తొందరలోనే సాగేది. పనివాళ్ళను కుడి పక్క, ఎడమ పక్క అని రెండు జట్లు చేసి, జట్టుకో మేస్త్రిని పెట్టారు. లెక్కలు రాయడానికి ఒక లేఖకుడు ఉండేవాడు. రాగి ఉలులు ప్రభుత్వానివి. వాటిని తూకం వేసి ఇచ్చేవారు, అరిగిపోయాక మళ్ళీ తూకం వేసి తీసుకునేవారు. కొండ లోపల చీకటి కదా, పాత గుడ్డ పీలికలు పేని కొవ్వు పట్టించిన వత్తులతో వెలుతురు చేసుకునేవారు. పొద్దున ఎన్ని వత్తులు కాలాయి, మధ్యాహ్నం ఎన్ని కాలాయి అని దానికీ లెక్కే. రాతిని చదును చేసి, గచ్చు పూసి, ఎర్ర రంగుతో గళ్ళు గీసి బొమ్మలు వేసేవారు. పెద్ద చిత్రకారుడు వచ్చి నల్ల రంగుతో తప్పులు దిద్దేవాడు. హోరెంహెబ్ అనే రాజు సమాధిలో పని మధ్యలోనే ఆగిపోయింది. ఆ గోడల మీద ఎర్ర గీత, దాని మీద దిద్దిన నల్ల గీత ఇప్పటికీ కనిపిస్తాయి. తళతళలాడే సమాధుల కంటే అసంపూర్తిగా ఉన్న ఆ గోడే నాకు ఎక్కువ ఇష్టం. గురువు చెయ్యి, శిష్యుడి చెయ్యి రెండూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి.

వాళ్ళకు వారం అంటే పది రోజులు. ఎనిమిది రోజులు పని, రెండు రోజులు సెలవు. పని రోజుల్లో ఇంటికి రాకుండా కొండ మీద రాళ్ళతో కట్టుకున్న చిన్న గుడిసెల్లోనే పడుకునేవారు.

ఇవన్నీ మనకు తెలిశాయంటే కారణం వాళ్ళు పారేసిన చెత్త. పపైరస్ కాగితం ఖరీదైనది. సున్నపురాతి పెచ్చులు మాత్రం కాళ్ళ కింద కావలసినన్ని. పగిలిన కుండ పెంకులు కూడా అంతే. రోజువారీ రాతంతా వాటి మీదే సాగింది. ఉత్తరాలు, అప్పు పత్రాలు, ఉతకడానికి వేసిన బట్టల లెక్క, గాడిద అద్దె విషయంలో గొడవ, పిల్లీ ఎలుకల వేళాకోళపు బొమ్మలు, అన్నీ వాటి మీదే.

వాటిలో ఒక రాతి పలక లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రెండో రామ్సెస్ పాలనలో 40వ ఏడు రాసిన మస్టరు అది. 40 మంది పేర్లు, 280 రోజుల హాజరు. రాని రోజులు నల్ల సిరాతో, రాకపోవడానికి కారణం దాని పైన ఎర్ర సిరాతో రాశారు. ఎక్కువగా కనిపించే కారణం ఒంట్లో బాగోలేకపోవడం. సేబా అనే అతని పేరు దగ్గర "తేలు కుట్టింది" అని ఉంది. ఒకతనికి కళ్ళు బాగాలేవు. ఒకతను తల్లి శవానికి కట్లు కడుతున్నాడు. ఒకతను ఇంట్లో బీరు కాస్తున్నాడు. పండగకు బీరు కాయాలంటే మగవాడు పని నాగా పెట్టొచ్చు, లేఖకుడు దాన్ని మారు మాట లేకుండా రాసుకున్నాడు. మూడు వేల రెండు వందల ఏళ్ళ కిందటి మాట ఇది. చదువుతుంటే మన ఊరి పనుల దగ్గర మేస్త్రి పుస్తకం తిరగేస్తున్నట్టే ఉంటుంది.

జీతం డబ్బుగా కాదు, ధాన్యంగా ముట్టేది. మామూలు పనివాడికి నెలకు నాలుగు బస్తాల గోధుమ, బస్తాన్నర బార్లీ. అక్కడి బస్తా అంటే దాదాపు 77 లీటర్ల కొలత. గోధుమ రొట్టెకు, బార్లీ బీరుకు. చేపలు, కూరగాయలు, కట్టెలు, నీళ్ళు కూడా ప్రభుత్వమే పంపాలి. ఎందుకంటే పల్లెలో పొలం లేదు, బావి లేదు. తాగే నీళ్ళు సైతం గాడిదల మీద కింద నుంచి రావాలి. ప్రభుత్వం పంపేవి ఆగాయంటే ఇంట్లో పస్తే.

మూడో రామ్సెస్ పాలనలో 29వ ఏడు అదే జరిగింది. ధాన్యం రావడం ఆలస్యమవుతూ వచ్చింది. చివరికి ఒక రోజు పనివాళ్ళు సాధనాలు వదిలేసి, కాపలా చౌకీలు దాటుకుని కిందికి వచ్చారు. "మాకు ఆకలిగా ఉంది, నెలలో 18 రోజులు గడిచిపోయాయి" అంటూ ఒక గుడి వెనక బైఠాయించారు. మేస్త్రీలు, అధికారులు వెళ్ళి బతిమాలినా వెనక్కి రాలేదు. మర్నాడు ఇంకో గుడి దగ్గరికి వెళ్ళారు. "ఆకలికీ దప్పికకీ తాళలేక వచ్చాం. బట్టల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరల్లేవు. మా ప్రభువు ఫారోకు కబురు పంపండి, మా పై అధికారి వజీరుకు కబురు పంపండి" అన్నారు. ముందు నెల బాకీ ధాన్యం వాళ్ళ చేతికి వచ్చింది. కానీ ఆ తర్వాత కూడా జాప్యం ఆగలేదు, వాళ్ళు మళ్ళీ మళ్ళీ పని ఆపుతూనే వచ్చారు. దీన్నంతా రాసిపెట్టిన పపైరస్ ఇటలీలోని టురిన్ మ్యూజియంలో ఉంది. రాతలో దొరికిన సమ్మెల్లో చరిత్రకారులు దీన్నే మొదటిదిగా లెక్కిస్తారు. ఫారోను దేవుడిగా కొలిచిన మనుషులే, ఆ దేవుడి సమాధి పనినే ఆపి, మా కూడు మాకు పెట్టమన్నారు. వాళ్ళ ధైర్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఇదే పల్లెలో, ఆ తర్వాత పదేళ్ళు దాటాక, నౌనఖ్తే అనే పెద్దావిడ సాక్షుల ముందు వీలునామా చెప్పి రాయించింది. ఎనిమిది మంది పిల్లలను పెంచి పెద్ద చేసిన తల్లి. "నేను ఫారో రాజ్యంలో స్వతంత్రురాలిని. వీళ్ళను పెంచాను, కాపురాలకు కావలసినవన్నీ ఇచ్చాను. ఇప్పుడు ముసలిదాన్నయ్యాను, వీళ్ళు నన్ను చూడటం లేదు. నాకు చెయ్యి అందించినవాళ్ళకే నా ఆస్తి ఇస్తాను, అందించనివాళ్ళకు ఇవ్వను" అంది. ఒక కొడుకుకు కంచు గిన్నె ప్రత్యేకంగా ఇచ్చింది. ఆస్తి తనది, ఎవరికివ్వాలో నిర్ణయం తనది. ఆడవాళ్ళ ఆస్తి హక్కు గురించి మనం ఎంత ఆలస్యంగా మాట్లాడుకోవడం మొదలుపెట్టామో గుర్తొచ్చి, ఆవిడ మాటలు నేను రెండుసార్లు చదువుకున్నాను.

ఇన్ని రాతి పెచ్చులు ఒక్కచోట ఎలా దొరికాయో చెప్పి ముగిస్తాను. గాడిదల మీద వచ్చే నీళ్ళతో విసిగిపోయారో ఏమో, ఊరికి ఉత్తరాన పెద్ద గొయ్యి తవ్వారు. రాతిలో 50 మీటర్లకు పైగా లోతుకు తొలిచారు. కొండలు తొలవడంలో వాళ్ళను మించినవాళ్ళు లేరు. అయినా నీరు పడలేదు. ఆ గొయ్యిని చెత్తతో పూడ్చారు. 1922లో ఆ పల్లెలో తవ్వకాలు మొదలుపెట్టిన ఫ్రాన్స్ దేశపు పురావస్తు శాస్త్రవేత్త బెర్నార్ బ్రుయేర్, సుమారు 1950లో ఆ గొయ్యిని ఖాళీ చేయించాడు. అడుగు దాకా వెళ్ళేసరికి నీళ్ళు లేవు గానీ, రాతలున్న పెచ్చులు, పెంకులు అయిదు వేల దాకా బయటపడ్డాయి.

నమస్కారం.